ల్యాప్‌టాప్‌లో ఏ పరికరాన్ని ఏ పోర్టుకు కలపాలి

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు దాని ప్రాసెసర్ గురించి, మెమరీ గురించి దుకాణదారుణ్ణి ఎన్నో ప్రశ్నలు అడిగేవారు కూడా పక్కలనున్న పోర్టులను తిప్పి చూడడం అరుదు. తీరా ఒంగోలులో ఒక జిరాక్స్ షాపులోనో, కావలిలో ఒక నెట్ సెంటర్లోనో, నెల్లూరులో ఒక ఫొటో స్టూడియోలోనో అది పనిలోకి దిగాక హార్డ్‌డిస్క్ నత్తనడక నడుస్తుంది, మౌస్ ఆగి ఆగి కదులుతుంది, టీవీలో బొమ్మ రాదు. అప్పుడు కేబుల్ మారుస్తారు, డ్రైవర్లు మళ్లీ వేస్తారు, చివరకు పరికరమే పాడైందని నిర్ణయిస్తారు. ఇలాంటి ఇబ్బందుల్లో చాలా భాగం ఆ పరికరాన్ని వేరే పోర్టుకు మార్చగానే తీరిపోతాయి.

ప్లగ్ పట్టింది కదా అని పెట్టేయకుండా, ఆ పరికరానికి ఏం కావాలో ముందు చూసుకోవాలి. కొన్నింటికి వేగం కావాలి, కొన్నింటికి కరెంటు కావాలి, కొన్నింటికి ఈ రెండూ అక్కర్లేదు గాని కనెక్షన్ మధ్యలో తెగకుండా ఉంటే చాలు. మామూలు ధరలో దొరికే ల్యాప్‌టాప్‌లో వేగమైన పోర్టులు ఒకటో రెండో మాత్రమే ఉంటాయి కనుక, వాటిని మౌస్‌తోనూ కీబోర్డుతోనూ నింపేస్తే, నిజంగా వేగం కావలసిన హార్డ్‌డిస్క్ వచ్చేసరికి మిగిలేది నెమ్మదైన పోర్టే.

ముందుగా గుర్తుపట్టడం

అందరికీ తెలిసిన దీర్ఘచతురస్రాకారపు యూఎస్‌బీ పోర్టును టైప్‌-ఎ అంటారు. చూడడానికి అన్నీ ఒకటిగానే ఉన్నా లోపల తరాలు వేరు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు (ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు). 2008లో వచ్చిన 3.0 వేగం 5 గిగాబిట్లు, అంటే కాగితం మీద పది రెట్లకు పైనే. పోర్టు లోపలి ప్లాస్టిక్ నాలుక నల్లగా ఉంటే 2.0 అని, నీలంగా ఉంటే 3.0 అని సాధారణంగా చెప్పుకోవచ్చు. అయితే ఈ రంగు తప్పనిసరి నియమం కాదు, 3.0 పోర్టుకు కూడా నల్ల ప్లాస్టిక్ వాడే కంపెనీలు ఉన్నాయి. అందుచేత రంగు కన్నా పక్కనున్న గుర్తును నమ్మడం మంచిది. త్రిశూలం లాంటి యూఎస్‌బీ గుర్తు పక్కన ఇంగ్లిషులో రెండు ‘ఎస్’ అక్షరాలు ఉంటే అది 3.0 లేదా అంతకన్నా కొత్తది. ఆ అక్షరాల పక్కన 10 అనే అంకె కూడా ఉంటే వేగం 10 గిగాబిట్లని అర్థం.

గుర్తులు చెరిగిపోయి ఉంటే పోర్టులోకి టార్చి వేసి చూడండి. 2.0 పోర్టులో నాలుగు లోహపు పట్టీలు మాత్రమే ఉంటాయి, 3.0లో వాటికి తోడు మరో అయిదు, మొత్తం తొమ్మిది ఉంటాయి. అదీ తేలకపోతే ల్యాప్‌టాప్ అడుగున రాసి ఉన్న మోడల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో వెతికితే ఏ పక్కన ఏ పోర్టు ఉందో వివరంగా దొరుకుతుంది. పది నిమిషాల ఈ పనిని ఒక్కసారి చేసి, చిన్న స్టిక్కర్లు అతికించుకుంటే ఇక మళ్లీ చూసుకోవలసిన అవసరం ఉండదు.

కోడిగుడ్డు ఆకారంలో ఉండి, ఎటు తిప్పి పెట్టినా పట్టే చిన్న పోర్టు టైప్‌-సి. దాని సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే ఉంది.

హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు, కెమెరా కార్డులు

వేగమైన పోర్టు మీద మొదటి హక్కు వీటిదే. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలైతే నెల్లూరులోని స్టూడియోలకు రోజుకొక పెళ్లి తాలూకు కార్డులు వస్తాయి. 64 గిగాబైట్ల ఫొటోలను, వీడియోలను 2.0 పోర్టు ద్వారా ఎక్కించాలంటే, ఆ పోర్టు ఆచరణలో సెకనుకు 30 నుంచి 40 మెగాబైట్లకు మించి ఇవ్వదు కనుక, సుమారు అరగంట పడుతుంది. అదే సమాచారాన్ని 3.0 పోర్టుకు కలిపిన మంచి ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే చక్రం లేని డిస్క్) నుంచి మూడు నిమిషాల్లో తెచ్చుకోవచ్చు. లోపల చక్రం తిరిగే పాతరకం హార్డ్‌డిస్క్ అయితే దాని సొంత వేగమే సెకనుకు నూరు మెగాబైట్లు, కొంచెం అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి పది నిమిషాలు పట్టవచ్చు. కార్డు విషయంలోనూ అంతే. ఎక్కువగా వాడుకలో ఉన్న యూహెచ్‌ఎస్‌-1 రకం ఎస్‌డీ కార్డుల గరిష్ఠ వేగం సెకనుకు 104 మెగాబైట్లు. దానికి 3.0 కార్డు రీడర్ చాలు. అంతకన్నా ఖరీదైన రీడర్ కొన్నా అదనంగా వచ్చే లాభం లేదు. ల్యాప్‌టాప్‌లోనే కార్డు పెట్టే చోటు ఉంటే మంచిదే గాని, కొన్ని మోడళ్లలో ఆ చోటు లోపల 2.0కు కలిపి ఉంటుంది. ఒకసారి పెద్ద ఫైలు ఎక్కించి చూసి, వేగం 40 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతుంటే విడి రీడర్ కొనుక్కోవడం మేలు.

ఇక్కడ ఎక్కువమంది గమనించని సంగతులు రెండున్నాయి. పోర్టబుల్ హార్డ్‌డిస్కులతో రెండు ముక్కలు అతికినట్టుండే వెడల్పాటి ప్లగ్ ఉన్న కేబుల్ వస్తుంది. అది పోతే పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ కేబుల్‌ను ఆ వెడల్పు రంధ్రంలోని ఒక సగంలో పెట్టి పని నడిపిస్తుంటారు. డిస్క్ తెరుచుకుంటుంది, ఫైళ్లూ కనిపిస్తాయి, కాని 3.0 తీగలు అసలు కలవనే లేదు కనుక పోర్టు నీలంగా ఉన్నా వేగం మాత్రం 2.0దే. సరైన కేబుల్ పెట్టినా వేగం రాని సందర్భమూ ఉంటుంది. ప్లగ్‌ను మెల్లమెల్లగా తోసినప్పుడు ముందు తగిలే నాలుగు పట్టీలతోనే ల్యాప్‌టాప్ ఆ పరికరాన్ని గుర్తించి, దాన్ని 2.0గా లెక్కవేసుకోవచ్చు. అలా జరిగిందనిపిస్తే పరికరాన్ని సేఫ్‌గా తీసి, మళ్లీ ఒక్క ఊపులో లోపలికి పెట్టండి.

కరెంటు కూడా వేగమంత ముఖ్యమే. 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. చక్రం తిరిగే డిస్క్ మొదలయ్యే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది. అది అందకపోతే టిక్కు టిక్కుమని చప్పుడు చేసి ఆగిపోతుంది. సొంత అడాప్టర్ లేని చవక హబ్‌కు (ఒక పోర్టును నాలుగైదు పోర్టులుగా పంచే పెట్టెకు) హార్డ్‌డిస్కును తగిలించడం ఈ కారణంగానే మంచిది కాదు. ఒక కుటుంబం తాలూకు ఫొటోలన్నీ ఉన్న డిస్కును అలాంటి హబ్‌కు కలపడాన్ని నేనైతే ఎవరికీ సలహాగా చెప్పను.

మౌస్, ప్రింటర్, వేలిముద్ర పరికరం

మౌస్, కీబోర్డు, ప్రింటర్, బార్‌కోడ్ రీడర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ఆధార్ వేలిముద్ర పరికరం, వీటన్నింటికీ 2.0 సరిపోతుంది. ప్రింటర్‌ను 3.0కు కలిపినంత మాత్రాన కాగితం ముందుగా బయటికి రాదు. కొన్ని పాత టోకెన్లూ స్కానర్లూ 3.0 పోర్టులో గుర్తింపు దొరకక మొండికేస్తే, వాటిని 2.0కు మార్చి చూడడం మొదట చేయవలసిన పని.

వైర్‌లెస్ మౌస్ రిసీవర్‌కు మరో కారణం చేత కూడా నీలం పోర్టు పనికిరాదు. 3.0 పోర్టులో, కేబుల్లో సమాచారం పారేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దాకా వ్యాపిస్తుంది. వైర్‌లెస్ మౌస్‌లు, బ్లూటూత్, పాత వైఫై పనిచేసేది కూడా ఆ పౌనఃపున్యంలోనే. ఇంటెల్ సంస్థ 2012లోనే ఈ విషయాన్ని ఒక పత్రంలో వివరించింది. హార్డ్‌డిస్క్ నుంచి ఫైళ్లు ఎక్కుతున్నంతసేపూ మౌస్ తడబడి, పని అయిపోగానే మామూలుగా నడిస్తే బ్యాటరీ మార్చవద్దు. రిసీవర్‌ను ల్యాప్‌టాప్ అవతలి పక్కనున్న 2.0 పోర్టుకు మార్చండి. అటువైపు పోర్టు లేకపోతే జానెడు పొడవున్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ను మౌస్ దగ్గరికి తెచ్చుకోండి.

ప్రింటర్‌ను రోజుకొక పోర్టుకు మార్చకూడదు. విండోస్ చాలాసార్లు పోర్టు మారిన ప్రింటర్‌ను కొత్తదిగా భావించి, అదే పేరు పక్కన ‘కాపీ 1’ అని మరొకటి సృష్టిస్తుంది. ఆపరేటర్ పాత పేరుకే ప్రింట్ ఇస్తాడు, కాగితం రాదు, బయట వరస పెరుగుతుంది. ప్రింటర్ ఎక్కడ పెట్టారో అక్కడే ఉండనివ్వండి.

ఉదాహరణకు కావలిలో దరఖాస్తులు నింపే ఒక చిన్న సెంటర్‌ను తీసుకుందాం. ల్యాప్‌టాప్‌కు ఎడమవైపు రెండు 3.0 పోర్టులు, కుడివైపు ఒక 2.0 పోర్టు ఉన్నాయనుకుందాం. కుడివైపు 2.0కు సొంత అడాప్టర్ ఉన్న నాలుగు పోర్టుల హబ్‌ను కలిపి, ప్రింటర్‌ను, మౌస్ రిసీవర్‌ను, స్కానర్‌ను దానికి తగిలించవచ్చు. ఈ మూడూ ఒకేసారి పెద్దగా సమాచారం పంపేవి కావు గనుక దారి పంచుకున్నా ఇబ్బంది ఉండదు. వేలిముద్ర పరికరాన్ని మాత్రం హబ్‌కు కాక ఎడమవైపు ఒక పోర్టుకు నేరుగా కలపాలి. దానికి వేగం కావలసి కాదు. వృద్ధాప్య పింఛను కోసం వచ్చిన పెద్దావిడ అరిగిపోయిన వేలిని మూడోసారి పెడుతున్నప్పుడు కనెక్షన్ తెగితే మళ్లీ మొదటినుంచి రావాలి కాబట్టి. మిగిలిన 3.0 పోర్టును ఖాళీగా ఉంచి, వచ్చినవారి పెన్‌డ్రైవ్‌లకు వాడుకోవాలి.

టైప్‌-సి: ఒకే ఆకారం, ఎన్నో సామర్థ్యాలు

2014లో వచ్చిన టైప్‌-సి అనేది ప్లగ్ ఆకారానికి పేరు మాత్రమే. లోపల 2.0 వేగం ఉండవచ్చు, 40 గిగాబిట్ల వేగమూ ఉండవచ్చు. ఛార్జింగ్ తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. టీవీకి బొమ్మ పంపవచ్చు, పంపకపోవచ్చు. పక్కనున్న గుర్తును బట్టే తెలుసుకోవాలి. ఉత్త యూఎస్‌బీ గుర్తు ఉంటే సమాచారం వరకే అనుకోవడం క్షేమం. ఇంగ్లిషు ‘డి’, ‘పి’ అక్షరాలు కలిసిన చిహ్నం ఉంటే డిస్‌ప్లేపోర్ట్ ద్వారా తెరకు బొమ్మ వెళ్తుంది. బాణం మొన ఉన్న మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్. దాని 3వ, 4వ తరాల గరిష్ఠ వేగం 40 గిగాబిట్లు, బొమ్మ కూడా వెళ్తుంది. టైప్‌-ఎ పోర్టు పక్కన యూఎస్‌బీ గుర్తుతో కలిసి కనిపించే మెరుపు మాత్రం థండర్‌బోల్ట్ కాదు; ల్యాప్‌టాప్ మూసి ఉన్నా అక్కడ ఫోన్ ఛార్జ్ అవుతుందని దాని అర్థం. బ్యాటరీ బొమ్మ కూడా సాధారణంగా ఇదే చెబుతుంది.

ల్యాప్‌టాప్‌ను టైప్‌-సి ద్వారా ఛార్జ్ చేయాలంటే పోర్టు ఒప్పుకోవడంతో పాటు ఛార్జర్‌కూ కేబుల్‌కూ ఆ శక్తి ఉండాలి. ల్యాప్‌టాప్‌తో 65 వాట్ల ఛార్జర్ వచ్చిందంటే, 20 వాట్ల ఫోన్ ఛార్జర్‌తో అది ఛార్జ్ కాకపోవచ్చు, లేదా నెమ్మదైన ఛార్జర్ అని హెచ్చరిక చూపి బ్యాటరీని అలాగే తరగనిస్తుంది. 60 వాట్లు దాటితే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు గుండ్రని పిన్ను ఉన్న పెద్ద అడాప్టర్ వచ్చిందంటే, టైప్‌-సి అందుబాటులో ఉన్నా బరువైన పనికి ఆ అడాప్టర్‌నే వాడాలి.

కేబుల్ గురించి మరొక మాట. ఫోన్ పెట్టెలో వచ్చే టైప్‌-సి కేబుళ్లలో చాలావాటి పని ఛార్జింగే. సమాచారం విషయంలో వాటి వేగం 2.0 దగ్గరే ఆగుతుంది, బొమ్మ అసలు పోదు. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, ఫోన్ కేబుల్‌తో కలిపి, డిస్క్ మంచిది కాదని దుకాణంలో తిరిగి ఇవ్వబోయేవారు ఒకసారి డిస్కుతో వచ్చిన పొట్టి కేబుల్‌ను వెతుక్కోవాలి.

తెరకు బొమ్మ పంపడం

హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే టీవీకైనా, ప్రొజెక్టరుకైనా, కల్యాణ మండపంలోని ఎల్‌ఈడీ తెరకైనా అదే మొదటి ఎంపిక. బొమ్మ, శబ్దం ఒకే తీగలో వెళ్తాయి. కలిపాక బొమ్మ రాకపోతే విండోస్ మీటను, ‘పి’ అక్షరాన్ని కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోవాలి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కె బొమ్మను సెకనుకు 30 ఫ్రేములతోనే పంపుతుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 లేదా ఆపై తరం ఉండాలి. మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీకి ఈ తేడాతో పనిలేదు. మండపంలో వేదిక నుంచి తెర దూరంగా ఉంటే పది మీటర్లు దాటిన చవక కేబుల్‌ను నమ్ముకోకుండా, ముందురోజే కలిపి చూడాలి.

ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటకు పంపడానికే. సెట్‌టాప్ బాక్సును దానికి కలిపి ల్యాప్‌టాప్ తెరపై ఛానళ్లు చూడడం వీలుకాదు. అందుకు యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం విడిగా ఉండాలి.

1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ, అంటే పదిహేను రంధ్రాల నీలం పోర్టు, పాత ప్రొజెక్టర్లకు ఇంకా వాడుకలో ఉంది. కొత్త ల్యాప్‌టాప్ నుంచి దానికి వెళ్లాలంటే ‘హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు’ అనే అడాప్టర్ కొనాలి. ఇదే పేరు తిరగేసి ఉన్న అడాప్టర్ ఎదురు దిశలో పనిచేసేది; రెండూ ఒకదాని బదులు మరొకటి పనికిరావు. వీజీఏలో శబ్దం పోదు కనుక స్పీకరును విడిగా కలుపుకోవాలి. నాడు-నేడు కింద ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చిన ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయులు మరొక విషయం గుర్తుంచుకోవాలి. హెచ్‌డీఎంఐ బొమ్మను, శబ్దాన్ని మాత్రమే తీసుకెళ్తుంది. ప్యానెల్ మీద వేలితో తాకితే ల్యాప్‌టాప్‌లోని పాఠం కదలాలంటే, ప్యానెల్‌పై టచ్ అని రాసి ఉన్న యూఎస్‌బీ పోర్టు నుంచి ల్యాప్‌టాప్‌కు మరో కేబుల్ కలపాలి. దానికి యూఎస్‌బీ 2.0 చాలు.

ఇంటర్నెట్ తీగ, శబ్దం

ఆన్‌లైన్ పరీక్ష రాసేవారు, వీడియోలో పాఠాలు చెప్పేవారు వైఫై మీద ఆధారపడకుండా ఫైబర్ పెట్టె నుంచి లాన్ తీగను నేరుగా కలుపుకోవాలి. మేడ మీది గదికి వంద మీటర్ల వరకు ఈ తీగ ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. సన్నని ల్యాప్‌టాప్‌లకు లాన్ పోర్టు ఉండదు, యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. మీ ప్లాన్ 100 మెగాబిట్ల లోపుదైతే చవకైన 2.0 అడాప్టర్‌తో సరిపెట్టుకోవచ్చు. అంతకు మించితే గిగాబిట్ అడాప్టర్ కొని 3.0 పోర్టుకే కలపాలి.

హెడ్‌ఫోన్ పోర్టు ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో ఒక్కటే ఉంటుంది. మైకూ స్పీకరూ కలిసిన మూడు గీతల పిన్నుకు అది తగినది. రెండు గీతల పిన్ను ఉన్న పాత మైకును అందులో పెడితే గొంతు వినబడదు, మైకుకూ స్పీకరుకూ వేరువేరు రంధ్రాలు ఇచ్చే చిన్న స్ప్లిటర్ కావాలి. గుడి తిరునాళ్లలోనో, బడి వార్షికోత్సవంలోనో ల్యాప్‌టాప్‌ను యాంప్లిఫయర్‌కు కలిపినప్పుడు గుయ్యిమని రొద వస్తే, ముందుగా ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. రొద ఆగితే లోపం పోర్టులో లేదు, ఎర్తింగ్‌లో ఉంది.

తీరపు గాలి, రాతి దుమ్ము

కొత్తపట్నం, కృష్ణపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలికి పోర్టు లోపలి పట్టీలు నల్లబడతాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల రాతి దుమ్ము టైప్‌-సి రంధ్రం అడుగున గట్టిపడి ప్లగ్‌ను పూర్తిగా దిగనివ్వదు. రోజూ వాడని పోర్టులకు చవకగా దొరికే రబ్బరు మూతలు పెట్టాలి. దుమ్మును నోటితో ఊదితే తడి చేరుతుంది, పిన్నీసుతో గీకితే పట్టీలు వంగుతాయి. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, గాలి పంపుతోనో పొడి మెత్తని బ్రష్షుతోనో శుభ్రం చేయాలి. మేఘాలు కమ్మి ఉరుములు మొదలైతే, ఇంటి పైనుంచి వచ్చే కేబుల్ టీవీ తీగకు కలిసి ఉన్న టీవీ నుంచి హెచ్‌డీఎంఐను, బయటి నుంచి రాగి తీగ మీద వచ్చే కనెక్షన్ అయితే లాన్‌ను కూడా తీసేయాలి. పిడుగు దూరంగా పడినా ఆ తీగల వెంట వచ్చే వోల్టేజికి ముందుగా కాలేది ఈ పోర్టులే, వాటితో పాటు మదర్‌బోర్డు కూడా పోవచ్చు.